ఆ పుల్ల తీసేదెవరో ముందే అడగండి

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 27 ఏళ్లు. పాపకు రెండేళ్లు నిండాయి. ఏడాదిన్నర నుంచి గర్భం రాకుండా మాలా-ఎన్ మాత్రలు వాడుతున్నాను. బట్టల షాపులో పని, ఇల్లు చేరేసరికి రాత్రి పది. నెలలో రెండు మూడు సార్లు మాత్ర మరచిపోతున్నాను. మా ఊరి పెద్దాసుపత్రిలో మాత్రలు వాడే ఆడవాళ్లతో ఏదో పరిశోధన చేస్తున్నారట. మాత్రలు మాన్పించి చేతిలో చిన్న పుల్ల పెడతారట, మూడేళ్లదాకా బెంగ లేదట. నర్సమ్మ 12 పేజీల కాగితాలిచ్చి చివరి పేజీలో సంతకం పెట్టమంది. ఉచితంగా వస్తుంటే వద్దంటావేంటి అంటారు మావారు. మన మీద ప్రయోగాలేంటి అంటుంది మా అత్తమ్మ. ఏం చేయమంటారు? – ఓ సోదరి, కరీంనగర్ జిల్లా

జవాబు: అమ్మా, ఆ 12 పేజీలూ మీరు చదివారో లేదో ఉత్తరంలో రాయలేదు. చదవకపోతే ఈ ఆదివారం చదవండి. తెలుగులో లేకపోతే తెలుగు కాగితాలు అడిగి తీసుకోండి. ఒక ప్రతి మీ దగ్గరే ఉండాలి. అంతవరకూ సంతకం జోలికి పోవద్దు.

ముందు పుల్ల సంగతి. మెత్తటి ప్లాస్టిక్ కడ్డీ అది, ఇంప్లాంట్ అంటారు, అగ్గిపుల్లంత ఉంటుంది. పొడవు 4 సెంటీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు. లోపల ఎటోనోజెస్ట్రెల్ అనే హార్మోను 68 మిల్లీగ్రాములు ఉంటుంది, రోజూ కొద్దికొద్దిగా ఒంట్లోకి వస్తుంది. అండం విడుదల కాకుండా ఆపుతుంది, గర్భసంచి ముఖద్వారంలో జిగురును చిక్కబరుస్తుంది. మీ మాలా-ఎన్‌లో ఉండే ఈస్ట్రోజెన్ ఇందులో లేదు. ఇది నిన్న మొన్న పుట్టిన వస్తువు కాదు. అమెరికాలో 2006లోనే అనుమతి వచ్చింది. మన దేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2023 నుంచి కొన్ని రాష్ట్రాల్లో దశలవారీగా ఇస్తోంది.

మాత్ర మరచిపోయే మీలాంటివాళ్లకు ఇది బాగా పనికొస్తుందన్నది నిజం. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 9 వేల మందికి పైగా ఆడవాళ్లతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఎవరికి ఏ పద్ధతి కావాలో వాళ్లనే ఎంచుకోనిచ్చి ఉచితంగా ఇచ్చారు. 2012లో ఫలితాలు వచ్చాయి. మాత్రలు, చర్మానికి అంటించే హార్మోను ప్యాచ్, యోనిలో పెట్టుకునే హార్మోను రింగ్ వాడినవాళ్లలో ఏడాదికి నూటికి నలుగురైదుగురికి గర్భం వచ్చింది. ఇంప్లాంట్, లూప్ లాంటివి వాడినవాళ్లలో వెయ్యికి ముగ్గురు కూడా లేరు. మాత్ర మంచిదే, రోజూ గుర్తుపెట్టుకోవాల్సి రావడమే దాంతో చిక్కు.

అయితే నెలసరి సంగతి మీకెవరైనా చెప్పారా? మాత్రలతో నెలసరి గడియారంలా వస్తుంది. పుల్లతో అలా రాదు. ఈ పుల్ల మీద జరిగిన 11 క్లినికల్ ట్రయల్స్‌లో 923 మంది ఆడవాళ్ల నెలసరి రోజుల్ని 90 రోజులకొక భాగంగా లెక్కగట్టారు. అలాంటి నూరు భాగాల్లో దాదాపు 22 భాగాల్లో రక్తస్రావమే లేదు, 34 భాగాల్లో అరుదుగా కనిపించింది, 18 భాగాల్లో మాత్రం మొదలైతే రోజుల తరబడి ఆగలేదు. ఎవరికి ఏ రకంగా వస్తుందో ముందే చెప్పలేం. ప్రాణానికి ముప్పు లేదని డాక్టర్లం తేలిగ్గా అనేస్తాం. ముట్టు పాటించే ఇంట్లో ఇరవై రోజులు మరక కనిపిస్తే ఆ ఇరవై రోజులూ దేవుడి గదిలోకి వెళ్లలేని కోడలి కష్టం మా రికార్డుల్లో ఎక్కడా ఉండదు. మీ ఇంట్లో ఎలా ఉంటుందో మీకే తెలుసు, ఆలోచించుకోండి.

ఇక నా ముప్పై ఏళ్ల సర్వీసులో మరచిపోలేని సంగతి ఒకటి చెప్పాలి. నేను పీజీ చేస్తున్న రోజులవి. అప్పట్లో వచ్చిన నార్‌ప్లాంట్ అనే ఇంప్లాంట్‌లో ఒకటి కాదు, ఆరు గొట్టాలు. విసనకర్ర పుల్లల్లా పరిచి చేతిలో పెట్టేవారు, అయిదేళ్లు పనిచేసేది. ఒకావిడ వచ్చింది. రెండు నెలలుగా రక్తస్రావం ఆగక ముఖం పాలిపోయి ఉంది. తీసేయమని పెట్టినచోటికి మూడుసార్లు వెళితే, అయిదేళ్లు కాకుండా తీయం, మా లెక్కలు పాడవుతాయి అని తిప్పి పంపారట. మాలో ఎవరికీ అంతకుముందు అవి తీసిన అనుభవం లేదు. చిన్న గాటు పెట్టి ఒక్కొక్కటే లాగాం. చుట్టూ కండ గట్టిపడిపోయింది. పక్కన ట్రేలో ఒక్కొక్కటి పడుతుంటే ఆవిడ పైకే లెక్కపెడుతోంది. అయిదు వచ్చాయి. అలసిపోయి మేం చూసుకుంటుంటే, “ఇంకోటి ఉంది కదమ్మా” అంది. ఆ ఆరోదానికి మరో గంట పట్టింది. ఇప్పటి ఒక్క పుల్ల తీయడం దాంతో పోలిస్తే చాలా సులువు, నేర్చినవాళ్లకు కొద్ది నిమిషాల పని. అయినా ఎవరు ఇంప్లాంట్ అన్నా నాకు ఆవిడ లెక్కే వినిపిస్తుంది.

అందుకే ఆ నర్సమ్మను కాదు, పరిశోధన చేసే డాక్టరుగారినే నేరుగా అడగండి. నేను తీసేయమన్న రోజున, కారణం అడగకుండా తీస్తారా? తీయడం నేర్చుకున్న డాక్టరు ఇక్కడ ఎవరు? మీ స్టడీ ముందే అయిపోతే, నా చేతిలోది ఎవరు తీస్తారు, ఖర్చెవరిది? ఈ చివరి ప్రశ్న చాలామందికి తట్టదు. ఎవరికి పుల్ల, ఎవరికి మాత్ర అన్నది చీటీలు వేసినట్టు వాళ్లు నిర్ణయిస్తారా, మీరే ఎంచుకుంటారా అన్నదీ అడగండి. తిన్నగా జవాబు రాకపోతే కాగితాలు తిరిగిచ్చేయండి. ఇచ్చేసినా, మధ్యలో మానేసినా ఆ ఆసుపత్రిలో మీకు మామూలుగా అందే వైద్యం ఆగకూడదు.

మీ అత్తమ్మగారిని కొట్టిపారేయకండి. 1985లో మన పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ పరిశోధనకు ఆడవాళ్లను చేర్చుకుంటూ, వాళ్లకు సరిగా ఏమీ చెప్పలేదని హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు పట్టుకున్నారు. మరుసటేడు ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఇప్పుడు కట్టుబాట్లున్నాయి. ట్రయల్‌ను సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, పరిశోధనలో చేరినవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. ఆ నమోదు నంబరు, కమిటీ ఫోను నంబరు మీ 12 పేజీల్లో ఉన్నాయేమో చూడండి. మీవారికి చెప్పి చేసుకోవడం మంచిదే, కానీ చెయ్యి మీది, సంతకం మీది.

అన్నీ కుదిరి సరే అనుకుంటే ఒకటి రెండు జాగ్రత్తలు. మాలా-ఎన్ ప్యాకెట్‌లో 21 హార్మోను మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. హార్మోను మాత్రలు అయిపోయిన మర్నాడే పెట్టించుకుంటే మంచిది. మీరు పని చేసుకునే చేతికి కాకుండా రెండో చేతికి, జబ్బ లోపలి వైపు పెడతారు. పెట్టగానే మీ వేళ్లతో తడిమి చూసుకోండి, చర్మం కింద తగలాలి. తగలకపోతే అక్కడే చెప్పండి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ ఈ హార్మోను పనిని తగ్గిస్తాయి. అవి వాడుతుంటే దాచకండి. లివరు జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నా, కారణం తెలియని రక్తస్రావం ఉన్నా అంతే. రేపు రెండో బిడ్డ కావాలనుకుంటే తీయించుకోండి, వారంలో హార్మోను ఒంట్లోంచి పోతుంది.

ఈలోగా మాత్ర ఆపొద్దు. రాత్రి పదింటికి ఒళ్లు అలిసి వచ్చాక కాకుండా, పొద్దున పాపకు పాలు కాచేటప్పుడు వేసుకోండి, ప్యాకెట్ పాలగిన్నె పక్కనే పెట్టుకోండి. ఒకటి మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, అదే రోజు రెండు పడినా ఫర్వాలేదు. వరసగా రెండు పోతే, వెంటనే ఒకటి వేసుకుని మిగతావి కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ వాడండి.