బోరు లాగింగ్ చేయిస్తే పొరలో నీటి శాతం తెలుస్తుందా?

మీరు అడిగింది రెండు పొలాల సంగతి. పొన్నూరు దగ్గర మాగాణిలో రోటరీ రిగ్గుతో మీరు బోరు వేయిస్తున్నారు. కొండపల్లి దగ్గర రాతి నేలలో మీ బావమరిది వేయించబోతున్నారు. లాగింగ్ (బోరులోకి తీగతో పరికరం దించి లోతు వారీగా పొరలను కొలవడం) చేయిస్తే ఏ పొరలో ఎంత శాతం నీరుందో కాగితం మీద వచ్చేస్తుందని రిగ్గు యజమాని చెప్పాడు, నమ్మవచ్చా అని మీ ప్రశ్న.

విజయవాడలో ఉంటూ ఈ చుట్టుపక్కల బోర్లకు చాలాకాలం లాగింగ్ చేశాను. కాగితం మీద గీత గీసుకుంటూ వచ్చేది పొర విశిష్ట నిరోధం, అంటే అది కరెంటును ఎంత గట్టిగా అడ్డుకుంటోందన్న అంకె. ఓమ్-మీటర్లలో ఉంటుంది. నీటి లెక్క దాని నుంచి మనం కట్టుకోవాలి. అందుకు ఆ పొరలోని నీరు ఎంత ఉప్పగా ఉందో, అది ఇసుకో బంకమట్టో ముందు తెలియాలి.

ఇసుక రేణువు గుండా కరెంటు దాదాపు పోదు. పోయేదంతా రేణువుల మధ్య సందుల్లోని నీటి గుండానే, అందులో కరిగిన లవణాల పుణ్యమా అని. కాబట్టి నిరోధం తగ్గిందంటే అక్కడ నీరు ఎక్కువ ఉండి ఉండవచ్చు, ఉన్న నీరే ఉప్పదై ఉండవచ్చు, అసలది ఇసుకే కాక బంకమట్టి అయి ఉండవచ్చు. మూడింటిలో ఏదో ఆ ఒక్క గీత చెప్పదు.

షెల్ కంపెనీలో పనిచేసిన గస్ ఆర్చీ 1942లో ప్రచురించిన, నిరోధం నుంచి సందుల వాటా లెక్కగట్టే సూత్రాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. ఒక లెక్క చూడండి. పొరలోని నీటి విద్యుత్ వాహకత సెంటీమీటరుకు 1000 మైక్రోసీమెన్లు ఉంటే ఆ నీటి నిరోధం 10 ఓమ్-మీటర్లు. లాగ్‌లో ఆ ఇసుక పొర 40 చూపింది. 40ని 10తో భాగిస్తే 4. వదులు ఇసుకకు వాడే ఘాతాంకం 1.3 పెట్టి లెక్కిస్తే పొరలో సందుల వాటా సుమారు 34 శాతం అని తేలుతుంది. నీటిమట్టానికి కింద సందులన్నీ నీటితోనే నిండి ఉంటాయి కనుక నీటి శాతమూ అదే. ఇప్పుడు అదే ఇసుకలో 10,000 మైక్రోసీమెన్ల ఉప్పునీరు ఉందనుకోండి. లాగ్ 4 చూపుతుంది. నీరు ఒక్క చుక్క కూడా పెరగలేదు! పైగా 4, 5 ఓమ్-మీటర్లు బంకమట్టికీ వచ్చే అంకెలే. అందుకే డెల్టాలో వట్టి నిరోధం గీతతో సరిపెట్టకుండా గామా లాగ్ (పొర నుంచి సహజంగా వచ్చే గామా కిరణాలను కొలిచే గీత) కూడా తీయమనండి. బంకమట్టి దగ్గర గామా సాధారణంగా పెరుగుతుంది, ఉప్పునీటి ఇసుక దగ్గర పెరగదు.

ఇంతా చేసి 34 శాతం తేలినా అది మీ పంపు నుంచి వచ్చే నీరు కాదు. బంకమట్టిలో సందుల వాటా ఇసుకకన్నా ఎక్కువే ఉంటుంది, కానీ అది నీటిని వదలదు. రెండంగుళాల నీళ్లు పడతాయా, మూడంగుళాలా అన్నది బోరు కడిగి, పంపు పెట్టి తోడి చూస్తేనే తెలుస్తుంది.

మరి ఖర్చెందుకు అంటారా? డెల్టాలో లాగింగ్ అసలు ఉపయోగం ఫిల్టర్ పైపు ఎక్కడ దించాలో, ఎక్కడ దించకూడదో తేల్చడం. బాపట్ల వైపు ఒక బోరులో పైన మంచి ఇసుక పొర, దాని కింద బంకమట్టి, ఆ కింద మళ్లీ ఇసుక కనిపించాయి. రెండో ఇసుక దగ్గర గీత బాగా పడిపోయింది, గామా మాత్రం పెరగలేదు. అది ఉప్పునీరని, బోరును బంకమట్టి దగ్గరే మూసేయమని చెప్పాను. రెండు పొరలూ కలిస్తే నీళ్లు ఎక్కువ వస్తాయని రిగ్గు మేస్త్రీ యజమానిని ఒప్పించి రెండు చోట్లా ఫిల్టరు దించాడు. నీళ్లు ఎక్కువే వచ్చాయి, నారుమడికి పనికిరానంత ఉప్పగా.

కొండపల్లి వైపు చార్నకైట్ వంటి గట్టి రాయి. దానికి ఆర్చీ లెక్క అతకదు, ఎందుకంటే నీరుండేది రేణువుల మధ్య కాదు, పగుళ్లలో. చెక్కుచెదరని రాయి వేల ఓమ్-మీటర్లు చూపుతుంది, పగులు వచ్చిన చోట గీత ఒక్కసారిగా లోపలికి కుంగుతుంది. ఆ లోతు రాసిపెట్టుకోవడం వరకే లాగ్ సాయం. శాతాల జోలికి పోవద్దని మీ బావమరిదికి చెప్పండి.

చమురు బావుల్లో శాతం చెబుతారు కదా అని కూడా రాశారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ చెబుతారు, కానీ అక్కడ సందుల వాటాను డెన్సిటీ (పొర సాంద్రతను కొలిచేది), న్యూట్రాన్ లాగ్‌లతో విడిగా కొలుస్తారు. న్యూట్రాన్ పరికరం హైడ్రోజన్‌ను పసిగడుతుంది కాబట్టి నీటికి అదే దగ్గరి కొలత. నీటితో నిండిన పొరకన్నా నిరోధం నాలుగు రెట్లు ఉంటే, సందుల్లో సగమే నీరని, మిగతాది చమురో గ్యాసో అని లెక్క. 1927 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్‌లో ష్లంబర్జే సోదరుల మనుషులు మొదటిసారి బావిలోకి తీగలు దించి ఈ నిరోధాన్ని కొలిచారు. చమురు కోసం పుట్టిన పనిముట్టు మన వరిపొలాలకు తర్వాత వచ్చింది.

మీ బోరు విషయానికొస్తే, తవ్వకం అయిపోయాక, కేసింగ్ దించక ముందే లాగింగ్ జరగాలి. గోడ కూలుతుందని రిగ్గువాళ్లు తొందరపెడతారు, లాగింగ్ బండికి ముందురోజే చెప్పి ఉంచండి. పదేసి అడుగులకు పైకి వచ్చిన మట్టిని విడివిడిగా సంచుల్లో కట్టించండి, గీతతో పోల్చడానికి అంతకు మించిన సాక్ష్యం ఉండదు. బోరులో నిలిచిన బురదనీటి వాహకత కూడా కొలిపించండి. ఆ నీరు పొరలోకి కొంత చొరబడుతుంది. అందుకే కరెంటు పంపే, కొలిచే ఎలక్ట్రోడ్ల మధ్య దూరం మార్చి 16 అంగుళాల నార్మల్, 64 అంగుళాల నార్మల్ అని రెండు గీతలు తీస్తారు. రెండూ విడిపోయిన చోట, దూరం చూసే 64 అంగుళాల గీతనే ఎక్కువగా నమ్మండి.

పాత బోరుకు ఇనుప కేసింగ్ ఉంటే నిరోధం గీతలేవీ రావు, గామా మాత్రం వస్తుంది. పీవీసీ అయితే ఎలక్ట్రోడ్ పరికరం పనిచేయదు గానీ అయస్కాంత క్షేత్రంతో కొలిచే ఇండక్షన్ పరికరం, గామా పనిచేస్తాయి.