ఏబీఎస్ లైటు వెలిగితే కనెక్షన్ తీయించకండి

మాది 2019 మోడల్ కారు. మొన్నటి వానలకి నీళ్లు నిలిచిన రోడ్డులో వెళ్లొచ్చాక మీటర్‌లో పసుపురంగు ఏబీఎస్ లైటు వెలిగింది, ఇక ఆరడం లేదు. బ్రేకులు మాత్రం మామూలుగానే పడుతున్నాయి. ‘బ్రేకు బాగానే ఉందిగా, లైటు కనెక్షన్ తీసేస్తా’ అంటున్నాడు మెకానిక్. తీయించేయమంటారా? – విజయవాడ పాఠకుడు

వద్దండి, దయచేసి ఆ పని మాత్రం చేయించకండి. బ్రేకు బాగానే ఉందన్న మాట సగమే నిజం. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సర్ ఉంటుంది, పక్కనే చక్రంతోపాటు తిరిగే పళ్ల రింగు, కొన్ని కార్లలో అయితే అయస్కాంతపు రింగు. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో సెన్సర్ కంప్యూటర్‌కి చెబుతూనే ఉంటుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఏదైనా చక్రం ఒక్కసారిగా ఆగిపోబోతుంటే, కంప్యూటర్ దాని బ్రేకు ప్రెషర్‌ని వదులుతుంది, మళ్లీ పట్టిస్తుంది, ఇలా సెకనుకి ఎన్నోసార్లు. ముందు చక్రాలు తిరగడం మానేసి జారిపోతుంటే స్టీరింగ్ ఎటు తిప్పినా బండి అటు రాదు, ఏబీఎస్ ఉన్నది అందుకే.

నాలుగింటిలో ఒక్క సెన్సర్ నుంచి సిగ్నల్ రాకపోయినా సిస్టమ్ తనంతట తాను పక్కకి తప్పుకుని ఆ లైటు వెలిగిస్తుంది. అందుకే రోజూ నడిపేటప్పుడు మీకు తేడా తెలియదు. తడి రోడ్డు మీద ఎవరో అడ్డం వచ్చిన రోజు తెలుస్తుంది. స్టెబిలిటీ కంట్రోల్ (బండి పక్కకి జారి అదుపు తప్పకుండా చూసేది) ఉన్న కార్లలో అదీ ఈ సెన్సర్ల మీదే ఆధారపడుతుంది కాబట్టి సాధారణంగా దాంతోపాటే ఆగిపోతుంది.

మీ విషయంలో నాకు మొదటి అనుమానం సెన్సర్ వైరు, కనెక్టర్ల మీదే. నీళ్లు చేరడం, బురద పట్టడం, రింగు తుప్పు పట్టడం, ఎలుకలు వైరు కొరికేయడం, ఇవే ఎక్కువ. ఈమధ్య వీల్ బేరింగ్ మార్పించారా? అయస్కాంతపు రింగు బేరింగ్‌లోనే ఉండే మోడళ్లలో దాన్ని తిరగేసి బిగిస్తే సిగ్నల్ రాదు. ఎక్కువగా శుభ్రం చేయడంతోనే పని అయిపోతుంది, కాబట్టి స్కానర్ పెట్టి కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదవకుండా ‘ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలి’ అంటే ఒప్పుకోకండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే బ్లూటూత్ స్కానర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి, ఏబీఎస్ కూడా చదివే స్కానర్ కావాలి. ఈ కోడ్‌లు సాధారణంగా ‘సి’తో మొదలవుతాయి. ఉదాహరణకి సి0035 అంటే ముందు ఎడమ చక్రం సెన్సర్ వైపు చూడమని.

దీనికి తోడు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే మాత్రం వేరే కథ. హ్యాండ్‌బ్రేకు దించే ఉందా, ఫ్లూయిడ్ తగ్గిందా చూడండి, అప్పటికీ ఆరకపోతే నడపకుండా టోయింగ్ పిలిపించండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకీ ఒక మాట. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగనే లేదంటే ఎవరో తీసేశారేమోనని అనుమానించాల్సిందే.

హన్మకొండలో కుక్క అడ్డం వస్తే సడన్ బ్రేకు వేశాను. పెడల్ కాలి కింద దడదడలాడింది, గరగరమని శబ్దం కూడా వచ్చింది. భయమేసి కాలు తీసేశాను. ఏమైనా పాడైందా? – ఒక పాఠకురాలు

ఏమీ పాడవలేదమ్మా, అదే ఏబీఎస్ పని చేయడం. కాలు తీయడమే ప్రమాదం. గట్టిగా తొక్కి అలాగే పట్టి ఉంచండి, చూపు ఖాళీగా ఉన్న వైపు పెట్టి స్టీరింగ్ అటు తిప్పండి. పాత బండ్లు నడిపిన పెద్దవాళ్లు తొక్కి వదిలి, తొక్కి వదిలి చేయమంటారు, ఏబీఎస్ ఉన్న కారులో అలా చేయకూడదు. మనుషులెవరూ లేని ఖాళీ మైదానంలో, నేల తడిగా ఉన్నప్పుడు 30 కిలోమీటర్ల వేగంలో ఒకసారి గట్టిగా తొక్కి చూడండి, ఆ కదలిక కాలికి అలవాటైతే రేపు టెన్షన్ పడరు. కంకర, వదులు మట్టి మీద మాత్రం ఏబీఎస్ ఉన్నా బండి ఇంకాస్త దూరం వెళ్లే ఆగొచ్చు.

మెల్లగా బ్రేకు వేసినా ప్రతిసారీ పెడల్ అదురుతుంటే డిస్క్‌లు చూపించండి. పొడి రోడ్డు మీద బండి ఆగబోయే ముందు, చాలా తక్కువ వేగంలో దడదడ వస్తుంటే అది సెన్సర్ సిగ్నల్ బలహీనంగా ఉండటం కావచ్చు, రింగు పగిలినా అలాగే అవుతుంది.

బ్రేకు ఫ్లూయిడ్ నిండుగానే ఉంది. అయినా మార్చాలంటున్నారు సర్వీస్ సెంటర్ వాళ్లు. అవసరమా? – తిరుపతి పాఠకుడు

రెండేళ్లు దాటితే అవసరమే. మీ కారు మాన్యువల్‌లో ఎంత ఉందో కూడా చూడండి. లెవెల్ తగ్గకపోయినా ఆ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 అనే గ్రేడు ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరాక పరీక్షలో దానికి పెట్టిన హద్దు 155 డిగ్రీలే. తిరుమల ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి వస్తే పాత ఫ్లూయిడ్ మరిగి బుడగలు కడుతుంది, పెడల్ లోపలికి పోతుంది, అప్పుడు ఏబీఎస్ ఉన్నా ఏమీ చేయలేదు. అందుకే చిన్న గేరులో దిగండి.

మూత మీద ఏ గ్రేడు రాసి ఉంటే అదే పోయించండి. డాట్ 5 అనేది సిలికాన్‌ది, ఏబీఎస్ కార్లలో వాడరు, డాట్ 5.1 వేరే రకం. ఇంకొకటి, ఫ్లూయిడ్ మార్చేటప్పుడు ఏబీఎస్ యూనిట్ లోపలికి గాలి వెళ్తే చాలా మోడళ్లలో స్కానర్‌తో లోపలి వాల్వులు తెరిపించి మూయిస్తేగానీ అది పోదు. ఆ సామాను ఉందో లేదో కనుక్కున్నాకే బండి వాళ్లకివ్వండి.