ఎవరూ పిలవని ఫంక్షన్లు

ప్రశ్న: మాది సి భాషలో రాసిన పాత ప్రాజెక్టు. డబ్లీ లింక్డ్ లిస్ట్ (ప్రతి నోడ్‌లోనూ ముందు, వెనక నోడ్ల చిరునామాలుండే జాబితా) కోసం విడిగా ఒక ఫైలు, దానికో హెడర్ (ఫంక్షన్ల డిక్లరేషన్లుండే ఫైలు) ఉన్నాయి. నోడ్ చేర్చడం, తీసేయడం, వెతకడం, లిస్టును తిరగేయడం, సార్ట్ చేయడం, రెండు లిస్టుల్ని కలపడం, మొత్తం ఫ్రీ చేయడం... ఇరవై ఫంక్షన్ల దాకా ఉంటాయి. ఈమధ్య చాలాచోట్ల అర్రేలకు మారిపోయాం కాబట్టి ఇప్పుడు వాడేవి మూడో నాలుగో. మిగతావి తీసేద్దామంటే మా సీనియర్‌గారు "పనిచేస్తున్నదాన్ని కెలకడమెందుకు, వాటి మానాన వాటిని ఉండనీ" అంటున్నారు. కంపైలర్ కూడా ఒక్క వార్నింగూ ఇవ్వడం లేదు. తీసేయమంటారా?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: తీసేయండమ్మా. కాకపోతే ఒక్కో ఫంక్షన్ దగ్గరా ఆగి, దీన్ని ఎవరూ ఎందుకు పిలవడం లేదని ముందు అడగండి. చాలామంది ఈ ప్రశ్న దాటేసి నేరుగా డిలీట్ మీదికి పోతారు.

తిరగేసే ఫంక్షన్‌ను ఎవరూ పిలవడం లేదంటే అందులో వింతేం లేదు. లైబ్రరీ రాసినవాళ్లకు ఉత్సాహం ఎక్కువ. అవసరం లేకపోయినా రివర్స్ రాసేస్తారు. సార్ట్, మెర్జ్ కూడా ఆ బాపతే. కానీ మీ జాబితాలో "మొత్తం ఫ్రీ చేయడం" కూడా ఉంది. దాన్ని ఎవరూ పిలవడం లేదనుకోండి, మరి ఆ లిస్టుల మెమరీని ఎవరు వదులుతున్నారు? నోడ్లు చేర్చే ఫంక్షన్ వాడుకలో ఉండి, తీసేసే ఫంక్షన్ వాడుకలో లేదంటే ఆ లిస్టు పెరగడమే తప్ప తరగదు. అది పనికిరాని కోడ్ కాదు, ఎక్కడో రాయడం మర్చిపోయిన కాల్.

నేను కొంతకాలం చూసుకున్న ఒక సర్వర్ ప్రోగ్రాంలో సరిగ్గా ఇదే జరిగింది. వాడని ఫంక్షన్ల జాబితా తీస్తే అందులో లిస్ట్_ఫ్రీ_ఆల్ కనిపించింది. కనెక్షన్ మూసేసే చోట దాన్ని పిలవాలి. ఎవరూ పిలవలేదు. ఆ సర్వర్‌ను వారానికోసారి రీస్టార్ట్ చేయడం అక్కడ ఆనవాయితీ. ఎందుకని అడిగితే "మొదటినుంచీ అంతే" అనేవారు. ఆ ఫంక్షన్‌ను డిలీట్ చేసి ఉంటే జాబితా శుభ్రపడేది, లీక్ (వదలని మెమరీ పేరుకుపోవడం) మాత్రం శాశ్వతమయ్యేది. అందుకే ఫ్రీ, డిస్ట్రాయ్, రిమూవ్ అని పేరున్నవాటిని ముట్టుకునే ముందు ప్రోగ్రాంను మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ కింద గానీ, అడ్రస్ శానిటైజర్‌తో గానీ ఒకసారి నడపండి. ప్రోగ్రాం ముగిసేసరికి ఏ మెమరీ మిగిలిపోయిందో, దాన్ని ఎక్కడ అలకేట్ చేశారో చూపిస్తాయి.

ఇక కంపైలర్ మౌనం సంగతి. జీసీసీ అనే కంపైలర్ ఒక్కో సి ఫైలును విడిగా చూస్తుంది. స్టాటిక్ (ఈ ఒక్క ఫైలుకే పరిమితం) అని లేని ఫంక్షన్ కనబడితే, దీన్ని ఇంకో ఫైలులో ఎవరైనా పిలుస్తారేమోలే అనుకుని ఊరుకుంటుంది. మైనస్ డబ్ల్యూఆల్ పెడితే వచ్చే "వాడని ఫంక్షన్" వార్నింగు స్టాటిక్ ఫంక్షన్లకే. స్టాటిక్ ఇన్‌లైన్ అని రాస్తే అదీ రాదు. కాబట్టి మీ ఇరవై ఫంక్షన్ల గురించి కంపైలర్‌కు ఒక అభిప్రాయమంటూ లేదు.

కంపైలైన ఫైళ్లన్నిటినీ ఒక్క ప్రోగ్రాంగా కలిపే లింకర్‌కు మాత్రం తెలుస్తుంది. కంపైల్ చేసేటప్పుడు ఫంక్షన్ సెక్షన్స్ ఆప్షన్ ఇస్తే ఒక్కో ఫంక్షన్ ఒక్కో సెక్షన్‌లో పడుతుంది. లింక్ చేసేటప్పుడు జీసీ సెక్షన్స్ ఆప్షన్ ఇస్తే ఎవరూ అందుకోని సెక్షన్లను లింకర్ పారేస్తుంది. ప్రింట్ జీసీ సెక్షన్స్ కూడా కలిపితే ఏవేవి పారేసిందో వరసగా చెబుతుంది. మీ మొదటి జాబితా అదే. అయితే అది ఆ ఒక్క బిల్డ్‌కే వర్తిస్తుంది. వేరే ప్లాట్‌ఫాం కోసం ఇఫ్‌డెఫ్ (షరతు మీదే కంపైలయ్యే భాగం) వెనకాల దాక్కున్న కాల్ దానికి కనబడదు. మీరు ఎన్ని రకాలుగా బిల్డ్ చేస్తారో అన్ని జాబితాలూ తీసి, అన్నిట్లోనూ ఉన్నవాటినే పక్కకు పెట్టండి.

ఆ తర్వాత నేను చేసే పద్ధతి ఇది. అనుమానమున్న ఫంక్షన్ ముందు స్టాటిక్ చేర్చి, హెడర్‌లోని డిక్లరేషన్ తీసేస్తాను. బయట ఎవరైనా వాడుతుంటే బిల్డ్ అక్కడికక్కడే గోల చేస్తుంది: జీసీసీ 14 నుంచి డిక్లరేషన్ లేని కాల్ ఎర్రరే, అంతకుముందు వెర్షన్లలో వార్నింగుతో వదిలేసినా లింకర్ దగ్గర ఆగిపోతుంది. ఎవరూ వాడకపోతే ఇందాకటి వార్నింగు వస్తుంది, అప్పుడు తీసేస్తాను. మళ్లీ బిల్డ్. సార్ట్ పోతే గానీ, మెర్జ్‌ను పిలిచేది సార్ట్ ఒక్కటేనని బయటపడకపోవచ్చు. కొత్త వార్నింగులు ఆగేదాకా ఇలాగే చేయాలి. విసుగే, కానీ ఏది ఎందుకు పోయిందో స్పష్టంగా తెలుస్తుంది.

సోర్సులో పేరు వెతికే గ్రెప్‌ను ఒక్కదాన్నే నమ్ముకోకండి. మాక్రోలో రెండు హ్యాష్‌లతో పేరును అతికించి ఉంటే, లిస్ట్_సార్ట్ అన్న పూర్తి పేరు సోర్సులో ఎక్కడా కనబడదు. ప్రోగ్రాం నడుస్తుండగా ఫంక్షన్‌ను వెతికే డీఎల్‌సిమ్‌తో పేరును స్ట్రింగ్‌గా ఇచ్చి పిలిచేవాళ్లను లింకర్ కూడా పట్టుకోలేదు. ఫంక్షన్ పాయింటర్ల టేబుల్‌లో ఉన్నవాటిది ఇంకో తంటా: టేబుల్ వాడుకలో ఉంది కాబట్టి అందులోని ఫంక్షన్లన్నీ వాడుకలో ఉన్నట్టే లెక్క, నిజంగా ఎవరూ పిలవకపోయినా సరే. యూనిట్ టెస్టులు మాత్రమే పిలిచే ఫంక్షన్లు కూడా ఉంటాయి. నా మటుకు నేను అలాంటి ఫంక్షన్‌ను టెస్టుతో సహా తీసేస్తాను.

ఫంక్షన్లు పోయాక, అర్రేలకు మారిన స్ట్రక్ట్‌లలో నెక్స్ట్, ప్రీవ్ పాయింటర్లు మిగిలిపోతాయి. 64 బిట్ల మెషీన్‌లో ఒక్కో రికార్డుకు 16 బైట్లు. వాటినీ తీసేయాలనిపిస్తుంది, తీసేయాలి కూడా. కానీ ఆ స్ట్రక్ట్‌ను ఎవరైనా ఎఫ్‌రైట్‌తో ఉన్నదున్నట్టు ఫైలులో రాస్తున్నారేమో చూడండి. రాస్తుంటే, సైజు మారిన మరుక్షణం పాత ఫైళ్లన్నీ తప్పుగా చదవబడతాయి. ఫీల్డుల పేర్లు లేకుండా వరసక్రమంలో విలువలిచ్చిన ఇనిషియలైజర్లు కూడా స్థానం తప్పుతాయి. అందుకే ఈ పనికి వేరే కమిట్ (గిట్‌లో విడిగా నమోదయ్యే మార్పు) పెట్టుకోండి.

మీ సీనియర్‌గారి మాటలో సగం నిజముంది. ఆ హెడర్‌ను మీ ప్రాజెక్టు బయట ఇంకెవరైనా వాడుతుంటే, అంటే మీది లైబ్రరీ అయితే, మీకు కనబడని కాల్స్ ఉంటాయి. అప్పుడు డిప్రికేటెడ్ అని గుర్తుపెట్టి ఒక విడుదల వదిలి, తర్వాతి పెద్ద వెర్షన్‌లో తీయడమే మర్యాద. కానీ "వాటి మానాన ఉండనీ" అనడం మాత్రం నాకు మింగుడుపడదు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే స్టాక్ ట్రేడింగ్ సంస్థ కథ చెప్పండి ఆయనకు. పవర్ పెగ్ అనే కోడ్‌ను 2003లోనే వాడటం మానేశారు, సర్వర్లలో మాత్రం అలాగే ఉంచారు. కొత్త సదుపాయానికి, పవర్ పెగ్‌ను నడిపించే పాత ఫ్లాగ్‌నే (ఆన్-ఆఫ్ గుర్తునే) మళ్లీ వాడుకున్నారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. అక్కడ పాత కోడ్ నిద్రలేచింది. దాదాపు 45 నిమిషాల్లో పేరుకున్న లావాదేవీల వల్ల నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. మీ లింక్డ్ లిస్ట్ అంత పని చేయదనుకోండి.

ప్రశ్న: క్యాష్‌కు (ప్రాసెసర్ దగ్గరుండే చిన్న, వేగమైన మెమరీకి) లింక్డ్ లిస్టులు పనికిరావని, ఎక్కడ కనబడ్డా అర్రేగా మార్చేయాలని విన్నాను. మరి లినక్స్ కెర్నెల్ నిండా అవే ఉన్నాయేం?
— ఒక విద్యార్థి

జవాబు: విన్నదాంట్లో మొదటి సగం నిజమే బాబూ. చాలా ప్రాసెసర్లలో క్యాష్ లైను, అంటే మెమరీ నుంచి ఒకసారికి తెచ్చే ముక్క, 64 బైట్లు. అర్రే మీద వరసగా నడిస్తే ఒక లైనుతో పక్కపక్క విలువలు కొన్ని కలిసివస్తాయి. చెల్లాచెదురుగా ఉన్న నోడ్ల మీద నడిస్తే అడుగడుగునా మెమరీ కోసం ఎదురుచూపే. కెర్నెల్ లిస్టు తీరు వేరు. అక్కడ డేటా చుట్టూ నోడ్ కట్టరు, స్ట్రక్ట్ లోపలే లిస్ట్_హెడ్‌ను ఒక ఫీల్డుగా పెడతారు. లిస్టులో చేర్చడానికి విడిగా మెమరీ అడగక్కర్లేదు, ఒకే వస్తువు ఒకేసారి రెండు మూడు లిస్టుల్లో ఉండొచ్చు, చేతిలో పాయింటరుంటే వెతక్కుండానే తీసేయొచ్చు. వరసగా నడవడం తక్కువ, చేర్చడం తీయడం ఎక్కువ అయిన చోట ఇది బాగా నప్పుతుంది. ఆ ఫంక్షన్లు ఎక్కువభాగం హెడర్‌లో స్టాటిక్ ఇన్‌లైన్‌గా ఉంటాయి కాబట్టి వాడనివి బైనరీలోకి రావు. అలాంటి అందరి హెడర్‌ను ఒక్క ప్రాజెక్టు కోసం కత్తిరించాలని కూర్చోకు.

ప్రశ్న: వాడని ఫంక్షన్‌ను డిలీట్ చేయకుండా ఇఫ్ జీరో (ఎప్పుడూ కంపైల్ కాని భాగం) మధ్యలో పెట్టి ఉంచితే?
— మరో పాఠకుడు

జవాబు: వద్దండీ. దాన్ని కంపైలర్ చూడదు, టెస్టు చూడదు, గ్రెప్ మాత్రం ప్రతిసారీ చూపిస్తుంది. రేపు కావాలంటే గిట్ లాగ్‌కు మైనస్ పెద్ద ఎస్ ఇచ్చి ఫంక్షన్ పేరు రాయండి. అది ఏ కమిట్‌లో వచ్చిందో, ఏ కమిట్‌లో పోయిందో రెండూ దొరుకుతాయి.