సొంతంగా టర్న్‌టేబుల్ చేయించుకోవాలంటే: డబ్బు బేరింగ్‌కి, పుల్లీకి పెట్టండి

మీ ప్రశ్న ఇది: తిరుపతిలో ఉన్నారు, ఇంట్లో పాత కర్ణాటక సంగీతం ఎల్‌పీలు ఉన్నాయి, లేత్ షాపులో బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (మోటర్ బెల్ట్‌తో తిప్పే రికార్డు ప్లేయర్) చేయించాలి. పది కిలోల ప్లాటర్ (రికార్డు పెట్టే, తిరిగే పళ్లెం), కుప్పం గ్రానైట్ బేస్ పెడితే హై ఎండ్ స్థాయి వస్తుందా అని.

బరువు ఒక్కదానితో రాదు. ముందు ప్లాటర్‌ని మోసే బేరింగ్, మోటర్ మీద బెల్ట్‌ని లాగే చక్రం, అంటే పుల్లీ, సరిగ్గా కుదరాలి. రెండూ గుప్పెట్లో ఇమిడిపోయే ముక్కలు కాబట్టి చాలామంది వాటిని ఆఖర్న, మిగిలిన డబ్బుతో చేయిస్తారు.

బేరింగ్ అనగానే లేత్ షాపులో "6202 వేసేద్దాం సార్, స్మూత్‌గా తిరుగుతుంది" అంటారు. ఒప్పుకోకండి. అది మామూలు బాల్ బేరింగ్, అందులో గోళీలు దొర్లే గరగర ప్లాటర్ మీదుగా సూదికి చేరి, స్పీకర్లో గుర్రుమని వినిపిస్తుంది. కావాల్సింది నిలువు షాఫ్ట్, గన్‌మెటల్ బుష్‌లు (షాఫ్ట్ తిరిగే కంచు గొట్టాలు), అడుగున ఒకే ఒక గోళీ. షాఫ్ట్‌కి సీఎన్‌సీ మెషీన్లలో వాడే 12 మి.మీ. హార్డెన్ చేసి గ్రైండ్ చేసిన రాడ్ తీసుకోండి. హెచ్6 టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) అంటే 12 మి.మీ. కన్నా 11 మైక్రాన్లకు (మి.మీ.లో వెయ్యో వంతులు) మించి తగ్గదు. మామూలు రాడ్‌ని లేత్ మీద తిప్పి ఎమెరీ పేపర్ పట్టిస్తే మెరుపు వస్తుంది గానీ గుండ్రం రాదు. ప్రత్యేకంగా గ్రైండింగ్ చేయించాలంటే చెన్నై అంబత్తూరు దాకా వెళ్లడం మేలు.

బుష్‌ని హౌసింగ్‌లోకి ప్రెస్ చేశాక దాని లోపలి రంధ్రం కాస్త బిగుసుకుంటుంది. కాబట్టి రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే పనిముట్టు) ప్రెస్ చేసిన తర్వాతే పట్టాలి, ముందు కాదు. షాఫ్ట్‌కీ బుష్‌కీ మధ్య సందు 10 నుంచి 15 మైక్రాన్లు ఉంటే చాలు. కుదిరిందో లేదో తెలుసుకోవడం తేలిక: 46 లేదా 68 గ్రేడ్ టర్బైన్ ఆయిల్ కొద్దిగా పోసి షాఫ్ట్‌ని పైనుంచి వదలండి. టక్కున పడితే సందు ఎక్కువ. లోపలి గాలి మెల్లగా తప్పుకుంటూ, షాఫ్ట్ నిదానంగా దిగాలి. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే రెండు బుష్‌లు ఒక వరసలో లేవని అర్థం. ఇంకోటి, గేర్ ఆయిల్ పొయ్యొద్దు, అందులోని గంధకం గన్‌మెటల్‌ని తినేస్తుంది. పై బుష్ బెల్ట్ లాగే ఎత్తులోనే ఉండేలా చూడండి. బెల్ట్ దానికన్నా పైన పడితే ప్లాటర్‌ని ఎప్పుడూ ఒక పక్కకి వంచుతూనే ఉంటుంది.

ఇక పుల్లీ. 24 పోల్స్ సింక్రనస్ మోటర్ (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే తిరిగేది) మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 250 చుట్లు తిరుగుతుంది. ఎల్‌పీ వేగం 33⅓ కావాలంటే 7.5 రెట్లు తగ్గించాలి. ప్లాటర్ 300 మి.మీ. అయితే 300ని 7.5తో భాగించి పుల్లీ 40 మి.మీ. చేయించేస్తారు. బెల్ట్ మందం మర్చిపోతారు! బెల్ట్ 1 మి.మీ. మందమైతే లెక్క 301/7.5 = 40.13, అందులోంచి 1 తీస్తే పుల్లీ 39.13 మి.మీ. ఉండాలి. 40 పెడితే వేగం 34.05 అవుతుంది, అంటే రెండు శాతం పైనే ఎక్కువ. శ్రుతి సుమారు మూడో వంతు సెమిటోన్ పైకి పోతుంది. 39.2 చేయించి, స్పీడ్ కొలిచి, కొంచెం కొంచెంగా తగ్గించండి. తీసిన లోహాన్ని మళ్లీ అతికించలేం.

పుల్లీ 0.05 మి.మీ. ఎక్సెంట్రిక్ అయినా (కేంద్రం అంత పక్కకి జరిగినా), 20 మి.మీ. వ్యాసార్థం మీద బెల్ట్ వేగం 0.25 శాతం అటూ ఇటూ ఊగుతుంది. 250 చుట్లంటే సెకనుకు 4.17 ఊపులు. వేగం ఊగిసలాటని మన చెవి బాగా పసిగట్టేది సరిగ్గా ఈ 4 హెర్ట్జ్ దగ్గరే. తంబురా, నాదస్వరంలో సాగదీసిన స్వరం మీద వెంటనే దొరికిపోతుంది. అందుకని పుల్లీకి రంధ్రం, పైభాగం ఒకే సెట్టింగ్‌లో తీయించండి, చక్‌లోంచి విప్పి మళ్లీ పెట్టనివ్వొద్దు. రంధ్రం వదులుగా ఉంటే గ్రబ్ స్క్రూ (పుల్లీని షాఫ్ట్‌కి పట్టి ఉంచే చిన్న స్క్రూ) బిగించగానే పుల్లీ పక్కకి జరిగిపోతుంది. మోటర్ షాఫ్ట్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, చేత్తో నొక్కితే ఎక్కేంత బిగువుగా తీయించాలి.

మైక్రోవేవ్ అవెన్‌లో ప్లేటు తిప్పే చవక మోటర్ కూడా సింక్రనస్సే, అయితే లోపల గేర్లుంటాయి, పనికిరాదు. వోల్టేజ్ తగ్గినా మోటర్ ఆగనంతవరకు స్పీడ్ మారదు, మారేది ఫ్రీక్వెన్సీతోనే. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం నడపొద్దు, మోటర్ జుమ్మంటుంది.

పది కిలోల ప్లాటర్ అక్కర్లేదు. 300 మి.మీ. వ్యాసం, 30 మి.మీ. మందం అల్యూమినియం దిమ్మ 5.7 కిలోలు తూగుతుంది, చాలు. అంతకన్నా బరువైతే గోళీ కింద ప్యాడ్ గుంట పడుతుంది, మొదలయ్యేటప్పుడు బెల్ట్ జారుతుంది. మన ఎండలకి రబ్బరు బెల్ట్ త్వరగా గట్టిపడుతుంది కూడా, ఒకటి అదనంగా కొనిపెట్టుకోండి.

గ్రానైట్ విషయం. 45×35×4 సెం.మీ. పలక 17, 18 కిలోలు ఉంటుంది. కదలదు, నిజమే, కానీ తడితే గంటలా మోగుతుంది. దాని కింద 18 మి.మీ. ప్లైవుడ్, మధ్యలో పల్చటి రబ్బరు షీట్ వేస్తే మోత అణుగుతుంది. గ్రానైట్‌లో రంధ్రం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పోతుంది కాబట్టి ఆర్మ్‌ని (సూదిని మోసే కడ్డీని) నేరుగా రాయికి బిగించకుండా, జరపగలిగే అల్యూమినియం ఆర్మ్ బోర్డు మీద పెట్టండి. రెగా కంపెనీ ఆర్మ్ అయితే స్పిండిల్ (ప్లాటర్ మధ్య కడ్డీ) నుంచి పివట్‌కి (ఆర్మ్ తిరిగే బిందువుకి) 222 మి.మీ. దూరం ఉండాలి. మోటర్‌ని విడి దిమ్మలో పక్కన నిలబెట్టండి. ఎర్రచందనం బేస్ ఆలోచన వస్తే అక్కడే వదిలేయండి, అటవీ శాఖతో తలనొప్పి.

ఆర్మ్ చేయించొద్దు, కొనండి. కార్ట్‌రిడ్జ్‌తో (సూది ఉన్న భాగంతో) జత కుదరడానికి, రెండూ కలిసి ఊగే సహజ ఫ్రీక్వెన్సీ లెక్క: ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (ఊగేటప్పుడు సూది దగ్గర తెలిసే బరువు), కార్ట్‌రిడ్జ్, స్క్రూల బరువు గ్రాముల్లో కలిపి, కంప్లయన్స్‌తో (సూది ఎంత మెత్తగా వంగుతుందో చెప్పే అంకెతో) గుణించి, వర్గమూలం తీసి, 159ని దానితో భాగించాలి. 12 + 6.5 + 0.5 గ్రాములు, కంప్లయన్స్ 12 అయితే 10.5 హెర్ట్జ్. 8 నుంచి 12 మధ్య ఉంటే మంచిది. జపాన్ కంపెనీలు కంప్లయన్స్‌ని 100 హెర్ట్జ్ దగ్గర చెప్పడం మామూలు, దాన్ని 1.5 నుంచి 2తో హెచ్చించి వాడాలి.

స్పీడ్ చూడ్డానికి 180 గీతల స్ట్రోబ్ కాగితం (వేగం సరిగ్గా ఉంటే గీతలు కదలనట్టు కనిపించేది) ప్లాటర్ మీద నియాన్ బల్బు వెలుగులో పెట్టండి, మంచి డ్రైవర్ ఉన్న ఎల్ఈడీ కింద గీతలు నిలబడవు. సూది రికార్డు మీద ఉన్నప్పుడే చూడాలి. 45కి కచ్చితంగా 133.33 గీతలు కావాలి, కాగితం మీద 133 మాత్రమే వేయగలరు, కాబట్టి సరైన వేగంలో ఉన్నా అవి మెల్లగా వెనక్కి జరుగుతుంటాయి. అది చూసి పుల్లీని మళ్లీ లేత్ ఎక్కించకండి.