ఉగాదికి ముందు ఇంటి పనులు, పెరటి పనులు: రంగులు ముందా, శ్లాబు ముందా?

మీరు అడిగింది పాతికేళ్ళ నాటి శ్లాబు ఇల్లు, లక్ష లోపు బడ్జెట్, వెనకాల కొంచెం పెరడు, ఉగాదికి రంగులు వేయించేద్దామా లేక శ్లాబు, పెరడు సంగతి ముందు చూసుకుందామా అని కదా. నన్నడిగితే రంగులు ఆఖర్న పెట్టుకోండి. ఈ ఉగాదికి కుదరకపోతే దసరా దాటాక వేయించుకోండి, ఏం పర్లేదు. ముందు ఇంట్లోకి నీళ్ళు ఎక్కడెక్కడ నుంచి చేరుతున్నాయో అది ఆపండి. మేం రెండుసార్లు డబ్బు పోసి నేర్చుకున్న విషయం ఇది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

మాది తెనాలి పక్కన, నల్లరేగడి నేల, మా మామయ్యగారు 1994లో కట్టించిన ఇల్లు. 2019 ఉగాదికి హాలు, ముందు గది మొత్తం పుట్టీ పెట్టించి రంగులు వేయించాం. ఏప్రిల్, మే రెండు నెలలూ ఇల్లు అద్దంలా ఉంది. వానలు గట్టిగా మొదలయ్యాక పడమటి గోడకి కింద నుంచి మూడడుగుల ఎత్తు వరకు రంగు బుడగలు బుడగలుగా లేచింది, చేత్తో ముట్టుకుంటే పెచ్చులు ఊడి తెల్లగా ఉప్పు రాలేది, సీలింగ్ మీద ఫ్యాన్ పక్కన పసుపు మరక ఒకటి. మా అత్తయ్య మంచం ఆ గోడకి ఎదురుగానే ఉంటుంది, రోజూ పొద్దున లేవగానే అదే చూసి "మీ మామయ్య ఉన్నప్పుడు ఇలా లేదమ్మా" అనేవారు. ఆ మాటకి మాకు చాలా బాధేసింది. పెయింటర్ ని తిట్టుకున్నాం గానీ అతని తప్పేం లేదు, అతను వేసింది తడి గోడ మీద, ఎండాకాలంలో పైకి ఆరినట్టు కనబడింది గానీ లోపల ఇటుక అంతా చెమ్మే.

మరుసటి ఏడు 2020లో శివరాత్రి అయిన మర్నాడే మేస్త్రిని పిలిచి ఆ గోడకి నాలుగడుగుల ఎత్తు వరకు పాత ప్లాస్టరింగ్ మొత్తం ఇటుక కనపడేదాకా కొట్టించాం. ఉగాదికల్లా కొత్త ప్లాస్టరింగ్, రంగు అయిపోవాలని ప్లాన్. ఇసుక దొరకడం లేటయింది, ఈలోపు లాక్‌డౌన్ వచ్చింది, సరిగ్గా ఉగాది రోజే, మార్చి 25న. ఇక మేస్త్రి రాడు, సిమెంట్ కొట్టు తెరవరు, పండగ పూట హాల్లో ఎర్రటి ఇటుకలు బయటపడి ఉన్నాయి. అప్పుడు చాలా దిగులు పడ్డాం గానీ ఆ గోడకి జరిగిన మేలు అదే. రెండు నెలలకి పైగా ఆ ఇటుకలు ఎండకి, గాలికి వదిలేసినట్టయింది. రెండు మూడు రోజులకోసారి ఇటుకల మీద ఉప్పు తెల్లగా పూసేది, మా ఆయన పొడి బ్రష్‌తో దులిపి చేటలోకి ఎత్తి పారేసేవారు. నీళ్ళతో మాత్రం కడగొద్దండీ, కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ ఇటుకలోకే పోతుంది అని మేస్త్రి ఫోన్లో చెప్పాడు. మే నెల వచ్చేసరికి ఉప్పు పూయడం ఆగిపోయింది. నెలాఖర్లో మేస్త్రి వచ్చి వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ కలిపి ప్లాస్టరింగ్ చేశాడు, రంగు మాత్రం తొందరపడకుండా వానలన్నీ పోయాక సంక్రాంతి ముందు వేయించాం. ఆ గోడ ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

కాబట్టి మీ గోడ తడిగా ఉందో లేదో ముందు తెలుసుకోండి. ఒక అడుగు పొడవు వెడల్పు ప్లాస్టిక్ షీట్ తీసుకుని గోడకి నాలుగు వైపులా గాలి పోకుండా టేప్ అంటించి ఒక రోజంతా వదిలేయండి. తీసినప్పుడు షీట్ లోపలి వైపు నీటి చుక్కలుంటే ఆ గోడ మీద ఏ కంపెనీ పుట్టీ పెట్టినా నిలవదు.

ఇక ఆ తడి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తా, మీరు ఇంటి పని, పెరటి పని వేరు వేరుగా రాశారు గానీ మా విషయంలో రెండూ ఒకటే అయ్యాయి. ఆ పడమటి గోడకి బయటి వైపు ఆనుకుని కనకాంబరాల మడి ఉండేది. ఏళ్ళ తరబడి ఎరువు, మట్టి పోస్తూ పోస్తూ బేస్‌మెంట్ మట్టం దాటి పైకి వచ్చేసింది, దానికి రోజూ రెండు పూటలా నీళ్ళు. పైగా డాబా మీద వాన నీళ్ళు దిగే గొట్టం కూడా ఆ గోడ మొదట్లోనే పడేది. గోడ నీళ్ళలో నిలబడి ఉన్నట్టే కదా. మట్టి మొత్తం తవ్వి తీయించి బేస్‌మెంట్ కంటే అరడుగు కిందకి దించాం, మడిని గోడ నుంచి నాలుగడుగుల అవతలికి మార్చాం, గోడ వెంబడి నేలని బయటికి వాలుగా సర్ది సిమెంట్ పట్టీ వేయించాం, గొట్టానికి ఇంకో గొట్టం తగిలించి నీళ్ళు దూరంగా పడేట్టు చేశాం. మొత్తానికి రెండు రోజుల కూలీ, రెండు బస్తాల సిమెంట్ అంతే. ముందే ఈ పని చేసుంటే 2019లో పెట్టిన డబ్బు అంతా మిగిలేది.

మీది కూడా గుంటూరు వైపు అన్నారు, నల్లరేగడి అయితే ఇంకో మాట. ఈ నేల ఎండాకాలంలో కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది, వాన పడగానే ఉబ్బుతుంది, ఆ కదలికకే ప్రహరీ గోడలు, గోడ చుట్టూ వేసిన సిమెంట్ పట్టీలు పగులుతుంటాయి. మే నెలలో పగులు కనపడిందని గాభరా పడి సిమెంట్ కుక్కించేయకండి, వానాకాలం తర్వాత ఒకసారి చూడండి, మూసుకుపోయి మళ్ళీ ఎండలకి తెరుచుకుంటే అది నేల చేసే పని. పగులు ఏటేటా పెరుగుతుంటే మాత్రం తెలిసిన ఇంజినీర్‌కి చూపించాలి.

శ్లాబు సంగతి. ముందు ఊడ్పించండి. మా పెరట్లో వేపచెట్టు ఉంది, మాఘం, ఫాల్గుణంలో ఆకు మొత్తం రాల్చి ఉగాదికి కొత్త చిగురు, పూత వేస్తుంది, ఆ రాలిన ఆకంతా డాబా మీద గొట్టం మూతికి అడ్డం పడి కుళ్ళి గట్టిగా పేరుకుపోతుంది, జూన్‌లో మొదటి వానకి నీళ్ళు దిగక డాబా చెరువైపోతుంది. అది తీశాక గొట్టం మూతి మూసి అంగుళం రెండంగుళాలు నీళ్ళు నిలబెట్టి ఒక రోజు చూడండి, కింద గదిలో మరక ఎక్కడ తేలుతుందో చాక్‌పీసుతో గీసుకోండి. మాది శ్లాబు మధ్యలో కారుతోందని అందరం అనుకున్నాం, చూస్తే పిట్టగోడ, శ్లాబు కలిసే మూలలో. ఆ మూలల్ని గీకించి గుండ్రంగా వచ్చేట్టు సిమెంట్ పోయించడంతోనే సగం కారడం ఆగింది. పగుళ్ళని పైపైన పూయించొద్దు, కొంచెం లోతుగా గాడి కొట్టించి, దుమ్ము మొత్తం దులిపించి అప్పుడు నింపించండి, ఆ పైన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పొరలు, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా. ఎండలో శ్లాబు కాలిపోతున్నప్పుడు వేస్తే అంటుకోకుండానే ఆరి పొరలు పొరలుగా లేస్తుంది, అందుకని పొద్దున తొమ్మిదిలోపు లేదా సాయంత్రం చల్లబడ్డాక వేయమని గట్టిగా చెప్పండి. కోటింగ్ తెల్లదే తీసుకోండి, ఎండని వెనక్కి కొట్టి కింద గదిలో వేడి తగ్గుతుంది. తెలంగాణలో అయితే 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చి 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్ళకి తప్పనిసరి కూడా చేశారు. అంత డబ్బు లేకపోతే సున్నం కొట్టించినా తేడా తెలుస్తుంది, కాకపోతే ఏటా కొట్టించాలి.

పిట్టగోడ పగుళ్ళలో రావి మొక్క మొలిచిందేమో కూడా చూడండి. మా ఇంట్లో దాన్ని పీకడానికి అత్తయ్య ఒప్పుకోలేదు, రావిచెట్టుని పీకకూడదని. చివరికి పసుపు కుంకుమ పెట్టి, వేరు తెగకుండా జాగ్రత్తగా తీసి గుడి వెనక నాటి వచ్చాం, ఆవిడ మనసూ కుదుటపడింది, గోడా బతికింది. చిన్నగా ఉన్నప్పుడే తీయాలి, వేరు లావెక్కితే గోడనే చీలుస్తుంది.

ఇప్పుడు టైమ్ లెక్క. కొత్త సిమెంట్ ప్లాస్టరింగ్‌కి కనీసం వారం రోజులు నీళ్ళు కొట్టాలి, ఎండలకి గోనెసంచులు తడిపి కప్పితే ఇంకా మంచిది, ప్లాస్టరింగ్ చేసిన రోజు నుంచి మొత్తం 28 రోజులన్నా గడవందే రంగు వేయకూడదు. శివరాత్రి నుంచి ఉగాదికి మధ్య 32 రోజులు వస్తాయి, ఒక్కోసారి 33. అంటే గోడ పొడిగా ఉన్నవాళ్ళకి శివరాత్రికల్లా ప్లాస్టరింగ్ ముగిస్తే ఉగాదికి రంగు కోటుకి సరిగ్గా సరిపోతుంది, ఒక్క వారం లేటైనా ఆ ఉగాదికి వదులుకోవడమే. తడి గోడ ఉన్నవాళ్ళకి ఈ లెక్క పనికిరాదు, పాత ప్లాస్టరింగ్ ఊడగొట్టించి ఎండాకాలం మొత్తం ఆరబెట్టండి.

పెరడు విషయంలో మీరు మామిడి, కొబ్బరి మొక్కలు ఉగాదికి నాటుదామన్నారు. వసంతం అనగానే మొక్కలు నాటే కాలం అనిపిస్తుంది గానీ మన దగ్గర ఎండలు ముదిరేది అప్పుడే, ఇప్పుడు నాటిన మొక్కని మే నెల దాటించడం చాలా కష్టం. ఇప్పుడు చేయాల్సింది గుంత తవ్వడం. మామిడికి మూడడుగులు పొడవు, వెడల్పు, లోతు తవ్వించి పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఇంకో పక్క పోసి ఎండకి వదిలేయండి, పురుగులు, గుడ్లు ఎండకి చస్తాయి. జూన్, జూలైలో వానలు పడ్డాక పై మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపి నాటండి. పిల్లలు ఆడుకునే చోటయితే గుంత చుట్టూ కంచె తప్పనిసరి. ఉన్న మామిడిచెట్టు కొమ్మలు ఇప్పుడు కొట్టకండి, కాయ కోత అయ్యాక చూసుకోవచ్చు. చెట్టునే తీసేయాలనుకుంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చాలా రకాల చెట్లకి అనుమతి కావాలి, ముందు అడిగి చేయండి.

చేతులు ఊరుకోవు అనుకుంటే గోంగూర, తోటకూర, బెండ, దోస, సొర వేసుకోండి, శివరాత్రి ముందే వేస్తే ఇంకా మేలు. మధ్యాహ్నం ఎండకి పైన గ్రీన్ షేడ్ నెట్ కడితే ఆకుకూర మాడిపోదు. రాలిన ఆకు తగలబెట్టకుండా మొక్కల మొదట్లో నాలుగు వేళ్ళ మందాన పరిచేయండి, మాకు నీళ్ళు పోయడం రోజు విడిచి రోజుకి తగ్గింది దాంతో. మొదలుకి మరీ ఆనించకుండా కొంచెం ఎడంగా పరచాలి.

ఇంకుడు గుంత కూడా వానలు మొదలయ్యేలోపే తవ్వించుకోవాలి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితే 900 లీటర్ల పైనే నీళ్ళు దిగుతాయి, అదంతా రోడ్డు మీదకి పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అడుగున 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం, పైన దొడ్డు ఇసుక, ఆ పైన కొంచెం ఖాళీ. కాకపోతే నల్లరేగడిలో నీరు తొందరగా ఇంకదు, ఇంటికి దగ్గరగా తవ్వితే పునాది కిందే నేల ఉబ్బుతుంది, పదడుగులన్నా ఎడం ఉండాలి, అంత స్థలం లేకపోతే గుంత మానేసి నీళ్ళని డ్రమ్ముల్లోకి పట్టుకోవడమే మంచిది.

ఒక చిన్న పని అందరూ మర్చిపోతారు, ఎర్తింగ్ గుంత, అంటే లీకైన కరెంటు నేలలోకి పోయే చోటు. నేల ఎండిపోతే ఎర్తింగ్ సరిగా పనిచేయదు, మార్చి నుంచి వారానికోసారి రెండు బిందెల నీళ్ళు పోయండి. ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమన్నా, గీజర్ దగ్గర షాక్ కొట్టినా ఆగకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

లక్షలో అయితే నా వరస ఇది: గోడ చుట్టూ మట్టి దించి వాలు చేయడం, గొట్టాలు దూరం పెట్టడం, తర్వాత శ్లాబు, తర్వాత చెమ్మ గోడ పాత ప్లాస్టరింగ్ ఊడగొట్టించి ఆరడానికి వదిలేయడం. డబ్బు మిగిలితే రంగుకి దాచండి. మేస్త్రికి మొత్తం ఒకేసారి ఇవ్వకండి, సగం సగం కూడా వద్దు, ఏ రోజు పని ఆ రోజు చూసి ఇవ్వండి. పని పొద్దున ఆరింటికే మొదలుపెట్టమనండి, పదకొండు దాటాక ఆ డాబా మీద మనుషుల్ని ఉంచకండి, కుండ నీళ్ళు, మజ్జిగ దగ్గర పెట్టండి, వడదెబ్బ ఊరికే రాదు.

ఈ రాత్రికి ఆ ప్లాస్టిక్ షీట్ అంటించి రేపు ఏం కనపడిందో రాయండి, చెమ్మ ఉన్నది ఏ వైపు గోడో, దానికి బయట ఏముందో కూడా చెప్తే మా మేస్త్రిని అడిగి మీకు చెప్తాను.