వాల్వు ఆంప్లిఫయర్‌లో గుంయ్‌మనే శబ్దం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఈసీసీ83 (చిన్న సిగ్నల్‌ను పెంచేవి) రెండు, ఈఎల్84 (స్పీకర్‌ను నడిపేవి) నాలుగు వాల్వులతో స్టీరియో ఆంప్లిఫయర్ కట్టుకున్నాను. వాల్యూమ్ సున్నాలో పెట్టినా గుంయ్‌మంటూనే ఉంది. ఫిల్టర్ కండెన్సర్లు (సప్లైలోని అలల్ని నునుపు చేసేవి) కొత్తవి వేసినా తేడా లేదు. మా ఇల్లు రైల్వే లైను పక్కనే. ఆ కరెంటు తీగల వల్లనా? – కాజీపేట పాఠకుడు

జవాబు: రైలు తీగల్లో 25 వేల వోల్టుల ఏసీ పారుతుంది, అదీ 50 హెర్ట్జే. కానీ దాని ప్రభావమే అయితే బండి వచ్చి పోయినప్పుడల్లా శబ్దం పెరిగి తగ్గాలి. ఎప్పుడూ ఒకే తీరుగా ఉందంటే ఇది ఇంటిదొంగ పనే.

అందరూ ముందు కండెన్సర్ల మీద పడతారు. అంతకన్నా ముందు చెవితో తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని 50, 100 హెర్ట్జ్ రెండూ వినండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే వినాలి, ఫోన్ స్పీకర్లో 50 పలకదు. మీ శబ్దం 100కి దగ్గరగా, కాస్త గరగరగా ఉంటే ఫిల్టర్ వైపు చూడండి. అడుగు నుంచి వచ్చే 50 అయితే ఫిలమెంట్ (వాల్వును వేడిచేసే తీగ) వైరింగో, ఎర్తో, ట్రాన్స్‌ఫార్మర్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేయడమో కారణం.

వాల్యూమ్ సున్నాలో కూడా ఉందంటే తప్పు వాల్యూమ్ కంట్రోల్ తర్వాతే. సెట్టు ఆపి, ప్లగ్ పీకి, వాల్వులు చల్లారాక ఈసీసీ83 తీసేసి మళ్లీ ఆన్ చేయండి. స్పీకర్ మాత్రం ఎప్పుడూ కలిపే ఉండాలి. శబ్దం పోతే మూలం ఈసీసీ83 దగ్గరే. పోకపోతే ఈఎల్84 జత, పవర్ సప్లై, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, ఈ మూడింట్లో ఒకటి. జతలో రెండు వాల్వులూ సమానంగా కరెంటు తీసుకోకపోతే సప్లైలోని అలలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. ఒక్కో కాథోడ్‌కు (వాల్వులో ఎలక్ట్రాన్లు వెలువడే భాగం) విడిగా 10 ఓమ్‌ల రెసిస్టర్ వేసి కొలిస్తే 10 మిల్లీవోల్టులకు 1 మిల్లీ ఆంపియర్ లెక్క. తేడా 4, 5 మిల్లీ ఆంపియర్లు దాటితే జత మార్చండి.

మీ కేసులో నా అనుమానం ఫిలమెంట్ మీద. 6.3 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌కు మధ్య ట్యాప్ (సెంటర్ ట్యాప్) లేకుండా అలా గాలికి వదిలేస్తే గుంయ్‌మనక ఏం చేస్తుంది? రెండు కొసల నుంచీ చెరో 100 ఓమ్‌లు, అర వాట్ రెసిస్టర్ తెచ్చి, కలిసిన చోటును గ్రౌండ్ చేయండి. తీగలు రెండూ బిగువుగా మెలిపెట్టి ఛాసిస్ (లోహపు పెట్టె) మూల వెంట నడపండి. ఈసీసీ83లో 4, 5 పిన్నులు కలిపి ఒక తీగ, 9కి రెండోది. సిగ్నల్ లోపలికి వచ్చే గ్రిడ్ పిన్నులు 2, 7. ఫిలమెంట్ తీగ వాటికి ఎంత దూరముంటే అంత మంచిది.

అప్పటికీ మిగిలితే ఆ 100 ఓమ్‌ల కలయికను గ్రౌండ్ నుంచి విడదీసి, సుమారు 45 వోల్టుల డీసీకి కట్టండి. హెచ్‌టీ (వాల్వులకిచ్చే అధిక డీసీ వోల్టేజీ) 300 వోల్టులైతే దాని నుంచి 220 కె (కిలో ఓమ్‌లు), 1 వాట్ రెసిస్టర్, దాని కింద గ్రౌండ్‌కు 39 కె, ఆ 39 కెకు అడ్డంగా 22 మైక్రోఫారడ్, 100 వోల్టుల కండెన్సర్. రెండు రెసిస్టర్లూ కలిసే చోటే ఆ 45 వోల్టులు. ఫిలమెంట్ కాథోడ్ కన్నా పాజిటివ్‌గా ఉంటే దాని ఎలక్ట్రాన్లు కాథోడ్ మీదికి దూకవు. వైండింగ్‌కు సెంటర్ ట్యాప్ ఉండి అది ఎక్కడైనా గ్రౌండ్ అయి ఉంటే ముందు తీసేయండి, లేకపోతే ఈ 45 వోల్టులు నిలవవు.

సెట్టు ఆపినా కండెన్సర్లలో 300 వోల్టులు ఉంటాయి, ప్రాణం తీస్తాయి. ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో 10 కె, 5 వాట్ల రెసిస్టర్ పది సెకన్లు పట్టించి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.

ప్రశ్న: ఆంప్లిఫయర్‌కు టీవీ సెట్‌టాప్ బాక్స్ కలిపితేనే శబ్దం వస్తోంది. ఆంప్లిఫయర్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేస్తే పోయింది. అలా వాడొచ్చా? – మంచిర్యాల పాఠకురాలు

జవాబు: వద్దు, ఈ రోజే తిరిగి పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతింటే ఛాసిస్ మొత్తం షాక్ కొడుతుంది. బాక్స్ నుంచి కేబుల్ తీగ ఊడదీసి చూడండి. శబ్దం ఆగితే ఎర్త్ రెండు దారుల్లో చుట్టు తిరుగుతోందన్నమాట. కేబుల్‌కు ఐసోలేటర్ (ఎర్త్ దారిని తెంచే చిన్న పరికరం) వేయాలి. కేబుల్ ఊడదీసినా శబ్దం ఆగకపోతే ఆంప్లిఫయర్లో సిగ్నల్ గ్రౌండ్‌కూ ఛాసిస్‌కూ మధ్య 10 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్ పెట్టించండి. ఛాసిస్ మాత్రం ఎర్త్‌కే ఉండాలి.

ప్రశ్న: రాత్రయితే స్పీకర్లో కాదు, పెట్టెలోనే గుర్రుమంటోంది. ఇన్వర్టర్ మీద ఇంకా ఎక్కువ. – హనుమకొండ పాఠకుడు

జవాబు: ఇది ట్రాన్స్‌ఫార్మర్ రేకుల అదురు. గుర్రుమన్నప్పుడే సాకెట్లో వోల్టేజీ కొలవండి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (మెయిన్స్ కలిసే చుట్టు) 220కి చుట్టి ఉండి ఇంట్లో 245 వస్తుంటే కోర్, అంటే ఆ రేకుల కట్ట, సంతృప్త స్థితికి దగ్గరవుతుంది. 240 ట్యాప్ ఉంటే దానికి మార్చండి, లేదంటే స్టెబిలైజర్. ప్లగ్ పీకి బోల్టులు బిగించండి, ట్రాన్స్‌ఫార్మర్ కింద రబ్బరు వాషర్లు వేయండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌కు మాత్రం మందు లేదు, సైన్ వేవ్‌ది వాడాలి.

ఇంకో పరీక్ష: వాల్యూమ్ కాస్త పెంచి, పెన్సిల్ వెనక కొసతో ఈసీసీ83ని మెల్లగా తట్టండి. స్పీకర్లో టంగ్‌మని చాలాసేపు మోగితే వాల్వు లోపలి భాగాలు వదులయ్యాయి. ఇంకో ఈసీసీ83తో మార్చి చూడండి. స్పీకర్లూ ఆంప్లిఫయరూ ఒకే షెల్ఫ్ మీద ఉంటే మాత్రం స్పీకర్ల అదురే వాల్వుకు తగులుతుండొచ్చు, వాల్వు మార్చే ముందు స్పీకర్లను కిందికి దించి చూడండి.