రెండేళ్ల చదువుకు ఏడాది గడువు అప్పా?

ప్రశ్న: మాది కావలి. నా వయసు 39. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి, తొమ్మిదేళ్లుగా నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. జీతం 19,500. ఉద్యోగం మాని రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలనుకుంటున్నాను. అది పూర్తయితే 28,000 వరకు రావచ్చని తోటివారు చెబుతున్నారు. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, బాబు ఏడో తరగతి. మావారు రొయ్యల గుంటలు కౌలుకు చేస్తారు. ఇంటి ఖర్చు నెలకు 22,000. బ్యాంకు డిపాజిట్ 1,40,000 ఉంది, నెలకు 5,000 చీటీ నడుస్తోంది. కాలేజీకి రెండేళ్లకూ కలిపి 2 లక్షలవుతుంది. 12 సవర్ల బంగారం మీద 12 శాతం వడ్డీకి 5 లక్షలు తెచ్చి, ఫీజుకు పోను మిగిలింది గుంటల్లో పెడదామని మావారు అంటున్నారు. బంగారం తాకట్టు మంచిదా, చీటీ పాడుకోవడం మంచిదా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఫీజు ఉంది, వడ్డీ ఉంది, చీటీ ఉంది, జీతం ఆగిపోయాక ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఏ డబ్బు ముట్టుకోవాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు. నడివయసులో మళ్లీ చదువుకు వెళ్లేవారిలో చాలామంది చేసే పొరపాటు ఇదే కాబట్టి మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. చదువు ఖర్చంటే ఫీజు ఒక్కటే అనుకుంటారు. మీకు రెండేళ్లలో రాకుండా పోయే జీతమే 4,68,000. ఫీజు కలిపితే ఈ చదువు మీకు పడేది 2 లక్షలకు కాదు, 6,68,000కు.

అలాగని మానేయమని నేను చెప్పను. జీతం మీరు ఆశించినట్టు నెలకు 8,500 పెరిగితే ఆ మొత్తం ఆరున్నరేళ్లకు కాస్త పైన తిరిగి వస్తుంది, అప్పటికి మీకు నలభై ఎనిమిదేళ్లు ఉంటాయి, ఆ తర్వాత మరో పదేళ్లకు పైగా పనిచేయగల వృత్తి మీది. లెక్క గిట్టుబాటుగానే ఉంది. అయితే మధ్యలో చదువు ఆగిపోకుండా ఉంటేనే అది గిట్టుబాటవుతుంది. ఇలాంటి చదువులు ఆగేది ఫీజు కట్టలేక కాదు. రెండో ఏడాది మధ్యలో ఇంట్లో ఏదో ఒక ఖర్చు వచ్చిపడి, ఆ అప్పు తీర్చడానికి మళ్లీ డ్యూటీలో చేరాల్సి రావడం వల్ల.

మీ ఇంట్లో ఇప్పుడు నెలనెలా ఖాయంగా వచ్చేది మీ జీతం ఒక్కటే. గుంటల ఆదాయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు గానీ, రొయ్యలు పట్టిన రోజు వచ్చే మొత్తాన్ని ఆదాయంగా చూడకండి. మేత డీలరు ఖాతా, కౌలు, కరెంటు, సీడు (రొయ్య పిల్లలు) బాకీలు తీరాక చేతిలో మిగిలేదే ఆదాయం. తెల్లమచ్చ తెగులు సోకితే అదీ ఉండదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరాన్ని ఎలా ముంచిందో మీరు చూసే ఉంటారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కొనుగోలుదారులు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు ఎలా దించారో మీవారిని అడిగితే చెబుతారు. అలాంటి ఆదాయం మీద ఆధారపడే ఇంటికి నేను మామూలుగా చెప్పే ఆరు నెలల ఖర్చు చాలదు, తొమ్మిది నెలలది పక్కన ఉండాలి. మీకది 1,98,000. డిపాజిట్‌లో 1,40,000 ఉంది కనుక తగ్గేది 58,000. ఆ డిపాజిట్‌ను ఫీజుకు ముట్టుకోకండి. తగ్గిన 58,000ను వచ్చే పంట డబ్బులోంచి, తర్వాతి పంటకు సీడు కొనకముందే తీసి, మీ ఒక్కరి పేరున ఉన్న ఖాతాలో వేయండి. రెండు మూడు చిన్న డిపాజిట్లుగా విడగొట్టుకుంటే, అవసరం వచ్చినప్పుడు ఒకటే విరుగుతుంది, మిగతావి అలాగే ఉంటాయి. ఇది చేరేదాకా రాజీనామా ఇవ్వకండి. ఈ ఏడాది అడ్మిషన్లకు కుదరకపోతే వచ్చే ఏడాది చేరండి.

ఇంట్లో బంగారం ఉంటే అదే అత్యవసర నిధి కదా అని అంటారు. తాకట్టు పెట్టిన బంగారం ఏ అవసరానికీ పనికిరాదు. రోజుకో రూపాయి దాచడంతో మొదలైన పొదుపు ఉద్యమం పుట్టిన జిల్లాలో, సారా వ్యతిరేక పోరాటానికి పేరుపడ్డ దూబగుంటకు అంత దగ్గరలో ఉంటూ, ఈ మాట నేను చెప్పాల్సి రావడం కొంచెం విచిత్రంగానే ఉంది.

ఇక ఆ 5 లక్షల సంగతి. అసలూ వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే బంగారు రుణాలకు గడువు 12 నెలలు మించదు. మీ చదువు రెండేళ్లు. అంటే మీరు మొదటి ఏడాది పూర్తిచేసి క్లినికల్ పోస్టింగుల్లో ఉండగా, జీతం లేని చేతికి 5,60,000 కట్టమని నోటీసు వస్తుంది. కట్టలేకపోతే వడ్డీ కట్టి తిరగరాసుకోవాలి, అదీ కుదరకపోతే నగలు వేలానికి వెళతాయి. వడ్డీ అన్నా కడదామని నూటికి రెండు రూపాయల చొప్పున ప్రామిసరీ నోటు రాస్తే అది ఏడాదికి 24 శాతం. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసే ఈ దారి నేను ఎవరికీ చూపించను. పైగా ఆ 5 లక్షల్లో 3 లక్షలు మీ చదువుకు కావు, గుంటలకు. చదువు పేరు చెప్పి పంట పెట్టుబడికి అప్పు తేవడమని దీన్ని సూటిగా అనుకోండి. గుంటలకు పెట్టుబడి కావాలంటే దాన్ని మీవారు విడిగా ఆలోచించుకోవాలి. మీ నగలు, మీ చదువు దానికి పూచీ కారాదు.

చీటీ పాడుకుంటే పాట పోను చేతికొచ్చేది తగ్గుతుంది, జీతం ఆగినా నెలనెలా కిస్తీ ఆగదు. పాడకుండా చివరిదాకా కొనసాగించగలిగితే కొనసాగించండి, అంతే.

ఫీజు 2 లక్షలకు బ్యాంకు విద్యారుణం చాలు. ఆ మొత్తానికి ఆస్తి తాకట్టు అడగరు, చదువు పూర్తయిన ఏడాది దాకా వాయిదాలు మొదలు కావు. విద్యారుణాల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేయండి. దానికి ముందు ఆ కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయ అనుబంధం ఈ ఏటికి ఉన్నాయో లేదో చూసుకోండి.

రాజీనామా ఇచ్చే ముందు తప్పక చేయాల్సిన పని ఇంకొకటుంది. మీ జీతం 21,000 లోపు కాబట్టి ఇప్పుడు మీకు, పిల్లలకు ఈఎస్ఐ వైద్యం ఉంది, పీఎఫ్ ఖాతాతో పాటు వచ్చే ఈడీఎల్ఐ జీవిత బీమా ఉంది. ఉద్యోగం మానాక ఇవి ఎక్కువ కాలం నిలవవు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే మంచిదే గానీ, అది ఇంటి అద్దె కట్టదు. అందుకే జీతం స్లిప్పు చేతిలో ఉండగానే మీ పేరున 50 లక్షల టర్మ్ పాలసీ (గడువులోపు మరణిస్తే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా) తీసుకోండి. ఆదాయం లేదని తెలిశాక కంపెనీలు అంత మొత్తం ఇవ్వడానికి వెనకాడతాయి. మీవారికి కూడా తీసుకోవాలి, ఆయనకు ఆదాయపు పన్ను రిటర్నులు వేసే అలవాటు ఉంటే పని సులువవుతుంది. ఆ లోపు బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలకు ఇచ్చే 2 లక్షల జీవన్ జ్యోతి పాలసీని ఇద్దరి పేరునా తీసుకోండి.

పీఎఫ్‌లో పెన్షన్ భాగాన్ని వెనక్కి తీసుకోకండి. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, మీకు తొమ్మిదే ఉంది. పీఎఫ్ కార్యాలయం ఇచ్చే స్కీమ్ సర్టిఫికెట్ (పెన్షన్ సర్వీసు లెక్క చూపే పత్రం) తీసుకుంటే ఈ తొమ్మిదేళ్లూ మీ ఖాతాలో నిలిచి ఉంటాయి, డిగ్రీ చేతికొచ్చాక చేరే ఉద్యోగంలో మరో ఏడాది కలిస్తే అర్హత వస్తుంది.